ఫోర్త్‌విత్ శివారు దాకా వచ్చింది

మొన్న మా గుమ్మానికి నోటీసు అంటించి వెళ్లారు. నీటి తీరువా బకాయి కట్టాలట. అంతా తెలుగే, ఆఖరి వాక్యం మాత్రం ఇంగ్లీషు. అందులో ఒక మాట: ఫోర్త్‌విత్.

కాలవ గట్టు మీద టీ కొట్టు దగ్గర దీనిపై పెద్ద సదస్సే జరిగింది. "ఫోర్త్ అంటే నాలుగు కదండీ. నాలుగో తారీఖు లోపు కట్టమని," అన్నాడు కొబ్బరి దింపు తీసే కుర్రాడు.

"మరి విత్ ఏంట్రా?"

"విత్ అంటే తోటి అండి. నలుగురితో కలిసొచ్చి కట్టాలి. ఆయ్!"

నలుగురికీ ఆటో కూడా మాట్లాడేశారు. బేరం నూట యాభై దగ్గర ఆగిన సమయానికి, రిటైరైన ఇంగ్లీషు మేస్టారు కళ్లజోడు తుడుచుకుని తీర్పు చెప్పారు. "నాలుగూ కాదు, నలుగురూ కాదు. ముందుకు అనే ఫోర్త్ అది. ఫోర్త్‌విత్ అంటే తక్షణమే. ఇంగ్లీషువాళ్లు కూడా కోర్టు కాగితాల్లో తప్ప ఇంట్లో వాడరు. ఫోర్త్‌విత్ కాఫీ అని అడిగితే కాఫీ రాదు, గ్లాసు వస్తుంది."

మన చట్టాల్లో మాత్రం దీనికి మంచి హోదా ఉంది. పోలీసు ఫిర్యాదు నకలును రాయించినవాడికి ఫోర్త్‌విత్, ఉచితంగా ఇవ్వాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్ అంది. ఎంత తక్షణంగా ఇచ్చారో రాయించినవాళ్లని అడగండి. ఆఫీసు చేయాల్సిన పని దగ్గర ఈ మాటకు మోకాళ్ల నొప్పులు. మనం కట్టాల్సిన దగ్గర పరుగో పరుగు.

ధాన్యం డబ్బుల కోసం ఇంకో ఆఫీసుకి వెళ్తే అక్కడ వేరే ఇంగ్లీషు: ఇన్ డ్యూ కోర్స్. అంటే వచ్చినప్పుడు వస్తాయి. తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపితే, రోడ్డు మీద బరకాలు పరిచి, మబ్బు వంక చూస్తూ రాత్రుళ్లు కాపలా కాసి ఆరబెట్టిన ధాన్యం అది. 75 కిలోల బస్తా ఒక్కోటీ భుజాన మోసి ఎక్కించాం. దానికి డ్యూ కోర్సా?

మా కాలవకి నీళ్లిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది. అయినా ఈ దాళ్వాకి, అంటే రబీ వరికి కూడా వంతు రోజున మా శివారు చేలకి చుక్క నీరు రాలేదు. కాలవలో పెరిగిన తూడు తీసే దిక్కు లేదు. రాని నీటికి తీరువా ఏంటయ్యా, సిగ్గుండక్కర్లా? నీళ్లు ఇవ్వడం చేతకానప్పుడు గుమ్మాలకి జిగురు పూయడం ఎలా చేతనైంది?

మేస్టారు నోటీసు వెనక్కి తిప్పి, ఇన్ డ్యూ కోర్స్ కడతామని ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంగ్లీషులో రాసిచ్చారు. ఆటో ఎలాగూ ఉంది. నలుగురం ఎక్కాం.