మన మడి లాంటిదే కదా!

పోయిన నెల సియాటిల్‌లోని మా తెలుగువాళ్ళ కమిటీ వాట్సాప్ గ్రూపులో ఒక చర్చ నడిచింది. దీపావళికి ఇరుగుపొరుగు వాళ్ళని కూడా పిలిచి విందు పెడదామని ఆలోచన. మంచిదే. "పూర్తిగా వెజిటేరియన్ పెట్టేస్తే గొడవే లేదు, యూదులు కూడా తినొచ్చు" అని ఒకరు రాశారు. "అవును, కోషర్ అంటే మన మడి లాంటిదే కదా" అని దాని కింద ఇంకొకరు. కోషర్ అంటే యూదులు పాటించే తిండి నియమాలు. టపటపా పదిహేను బొటనవేళ్ళు లేచాయి. నేను మాత్రం ఏమీ పెట్టలేదు. రెండు నెలల ముందైతే నేనూ పెట్టేదాన్నే.

ఈ మధ్యలో ఏం జరిగిందంటే, మే చివరి ఆదివారం నాడు ఒక యూదు పెద్దావిడ వంటింట్లో నాలుగు గంటలు కూచుని బొరెకాలు చేసొచ్చాను, చీజ్ కూరిన కజ్జికాయల్లాంటివి.

ఆవిడ నా కొలీగ్ వాళ్ళమ్మ. ఎనభై దాటాయి. సియాటిల్‌లో సీవార్డ్ పార్క్ దగ్గర, సినగాగ్‌కి, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరానికి, నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు. యూదులనగానే మనకి న్యూయార్కూ, నల్ల టోపీలూ, బేగెల్సూ గుర్తొస్తాయి. ఈ ఊళ్ళో చాలా కుటుంబాల కథ వేరు. 1492లో స్పెయిన్ నుంచి వెళ్ళగొడితే ఒట్టోమన్ల రాజ్యంలో తలదాచుకున్న సెఫార్దీలు వీళ్ళ పూర్వీకులు. అక్కడ నాలుగు వందల ఏళ్ళు ఉండి, 1900ల మొదట్లో టర్కీ నుంచీ రోడ్స్ ద్వీపం నుంచీ ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. పాత స్పానిష్‌లో టర్కిష్, హీబ్రూ మాటలు కలిసిపోయిన లాదీనో వాళ్ళ ఇంటి భాష. ఆవిడ నన్ను 'కెరీదా' అని పిలుస్తుంది, మనం 'బంగారూ' అన్నట్టు. రోడ్స్‌లో ఉండిపోయిన వాళ్ళ గురించి ఒక్క ముక్కే చెప్పింది. 1944 జులైలో జర్మన్లు సుమారు 1,700 మందిని ఆష్విట్జ్ మరణ శిబిరానికి తీసుకుపోతే, బతికి బయటపడింది 150 మంది. అంత చెప్పి మళ్ళీ చీజ్ తురుముకోవడంలో పడిపోయింది. నేను కూడా ఇంకేమీ అడగలేదు.

పండగ పేరు షావూత్. వాళ్ళ పస్కా పండగ రెండో రాత్రి నుంచి ఏడు వారాలు లెక్కపెట్టుకుని యాభయ్యో రోజున చేసుకుంటారు. సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం అందిన రోజు. 2025లో జూన్ 1 సాయంత్రం మొదలైంది. ఆ పండక్కి పాలు, చీజ్‌తో చేసినవి తినడం ఆచారం. ఎందుకని అడిగితే తలా ఒక కారణం చెప్తారు. మాంసం ఎలా కోయాలో, ఏ గిన్నెలో వండాలో ఆ రోజే తెలిసింది, పాత గిన్నెలు ఇక పనికిరావు, అందుకని ఆ పూటకి పాలతో సరిపెట్టుకున్నారని ఒకటి. హీబ్రూలో పాలు అనే మాటలో అక్షరాల విలువలు కూడితే 40 వస్తుంది, ధర్మశాస్త్రం అందుకున్న మోషే ప్రవక్త కొండ మీద ఉన్నది 40 రోజులు అని ఇంకొకటి. "నాకు చీజ్ ఇష్టం, నా కారణం అదే" అంది ఆవిడ.

పండగ పనికి పిలిస్తే వట్టి చేతులతో ఎలా వెళ్తాం? ముందు రోజు రాత్రి కూచుని కజ్జికాయలు చేశాను, కొబ్బరీ బెల్లంతో. పాల పండగ కదా అని నేతిలోనే వేయించాను. అమ్మ ఇచ్చిన స్టీలు డబ్బాలో సర్ది పట్టుకెళ్ళాను. ఆవిడ గుమ్మం దగ్గరే రెండు చేతులతో అందుకుని, మూత తీసి వాసన చూసి, ఎంత బాగున్నాయో అని, ఆ డబ్బాని హాల్లో తాళాలు పెట్టుకునే బల్ల మీద పెట్టేసింది. నాలుగు గంటలూ అది అక్కడే ఉంది. వంటింట్లోకి రాలేదు. నవ్వుతూనే ఉన్నాను గానీ, లోపల మాత్రం చివుక్కుమంది.

పిండి పనిలో పడ్డాక ఆ చివుక్కు కాస్త మరిచిపోయాను. గోరువెచ్చని నీళ్ళు, నూనె, ఉప్పు, పట్టినంత మైదా, అంతే. నూనె ఎంత పోసిందో చూసి గుండె గుభేలుమంది, నీళ్ళతో సమానంగా. బొబ్బట్ల పిండిలా సాగదు, వేలితో నొక్కితే నొక్కిన చోటే ఉంటుంది. మనం కజ్జికాయల పిండిలో వేడి నూనె పోస్తే గుల్లగా వస్తాయి చూడండి, అదే సూత్రం. గట్టిగా మర్దిస్తున్నానని నా చేతి మీద చిన్నగా కొట్టింది. నిమ్మకాయంత ఉండ చేసి, అరచేతి వెడల్పున అద్ది, మధ్యలో కూరు పెట్టి, సగానికి మడవాలి. కూరు అంటే ఉడికించి మెదిపిన బంగాళదుంప, ఫెటా, ఇంకో గట్టి చీజ్ తురుము, గుడ్లు. అంచు దగ్గరకొచ్చేసరికి నా వేళ్ళు వాటంతటవే జడలా అల్లడం మొదలుపెట్టాయి. ఆవిడ చేత్తో మొదలైన అల్లికా, నా చేత్తో పూర్తయిన అల్లికా ట్రేలో పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో తెలియలేదు. పైన గుడ్డు సొన పూసి నువ్వులు చల్లాం. మొత్తం 180. కొన్ని కాల్చాం, మిగిలినవి పచ్చివే ఫ్రీజర్‌లోకి.

మధ్యలో నా తెలివి ఒకటి ప్రదర్శించాను. "నీళ్ళ బదులు పాలు పోస్తే ఇంకా మెత్తగా వస్తుందేమో" అన్నాను. ఆవిడ అప్పటికే పిండిలో మూడో వంతు విడిగా తీసి, కవరు చుట్టి పక్కన పెట్టింది, చీజ్ ప్యాకెట్లు విప్పకముందే. అది పస్తెలికోలకట, ఖీమా పెట్టి చేసే చిన్న చిన్న గిన్నెల్లాంటివి. పాలు కలిపితే ఆ పిండి ఇక మాంసానికి పనికిరాదు. అసలు రొట్టె పిండిలో పాలు కలపకూడదనే నియమమే ఉందట, పొరపాటున ఎవరైనా మాంసంతో తింటారని. కలపాలంటే కొంచెమే చెయ్యాలి, లేదా చూడగానే తెలిసేలా ఆకారం మార్చాలి. "మేకపిల్లను దాని తల్లి పాలతో ఉడకబెట్టకూడదు" అని ధర్మశాస్త్రంలో మూడు చోట్ల ఉంది. ఆ ఒక్క వాక్యం నుంచి రెండు సింకులు, రెండు జతల గిన్నెలు, నీలం పిడి గరిటెలు పాలకి, ఎర్ర పిడివి మాంసానికి. గిన్నె రుచిని పీల్చుకుంటుంది, వేడి తగిలితే మళ్ళీ వదులుతుంది అని వాళ్ళ లెక్క. నా మూకుడులో అంతకు వారం ముందే చికెన్ పకోడీ వేయించాను. ఇప్పుడు అర్థమైందిగా, డబ్బా బల్ల మీదే ఎందుకుండిపోయిందో. కజ్జికాయలు వెజిటేరియనే, మూకుడు కాదు.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్లో చెప్పుకున్నాను. "దానికేముందే, మీ నాయనమ్మ అంతే కదా, మడి కట్టుకుంటే కన్నకొడుకునే ముట్టుకోనిచ్చేది కాదు" అంది. డబ్బా బాధ తీరింది. ఇంకోటి పట్టుకుంది.

తెనాలిలో మా నాయనమ్మ మడి నాకు బాగా గుర్తు. దండెం మీద నుంచి కర్రతో తీసుకునే చీర, నేను ఎదురొస్తే "దూరం, దూరం" అనడం. దాంతో పాటు, పచ్చళ్ళ రోజుల్లో మిరపకాయల తొడిమలు తీయడానికి వచ్చే ఆవిడ కూడా గుర్తు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా పెరట్లోనే ఉండేది. దాహమేస్తే పెరటి గుమ్మం కింద వంగి దోసిలి పట్టేది, నాయనమ్మ పై నుంచి పోసేది. ఆవిడ చేత్తో తొడిమ తీసిన మిరపకాయల పచ్చడే ఏడాది పొడుగునా తిన్నాం. చెంబు మాత్రం ఆవిడకి తగలకూడదు.

సీవార్డ్ పార్క్‌లో నా డబ్బా బయట ఉంది, నేను లోపల ఉన్నాను, మోచేతుల దాకా పిండిలో. తెనాలిలో ఆవిడ పని లోపలికొచ్చింది, ఆవిడ రాలేదు. ఈ రెంటినీ కలిపి "లాంటిదే కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

కోషర్‌లో మనిషిని బట్టి తేడాయే లేదని నేననను. ఓవెన్ దగ్గరికి నేను ట్రే పట్టుకెళ్తుంటే ఆవిడ నవ్వుతూ తన చేతుల్లోకి తీసుకుంది. ఓవెన్ వెలిగించింది తనే, లోపల పెట్టిందీ తనే. వంటలో మా వాళ్ళ చెయ్యి ఉండాలి అంది. పరాయివాళ్ళతో పొత్తు పెరిగితే పెళ్ళిళ్ళు కలుస్తాయన్న భయంతో పాతకాలంలో పెట్టిన నియమాలివి, ఆ మాట వాళ్ళ గ్రంథాల్లోనే ఉంది. నాకు అది నచ్చిందని చెప్పను. కానీ ఊరూరా తరిమితే పోతూ, తమ ఉనికి మిగుల్చుకోడానికి గీసుకున్న గీత అది. ఊరు మొత్తాన్ని చేతిలో పెట్టుకున్నవాళ్ళు గీసిన గీత మనది. తేడా నాకు అక్కడే కనిపిస్తుంది.

చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం అని ఉంది. మా తెనాలికి అట్టే దూరం కాదు. అక్కడ తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనే ఎఫ్రాయిమ్ అంటారు. మాదిగ కుటుంబాల్లోంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఒక చిన్న సినగాగ్ ఉంది, శబ్బాతు, అంటే శనివారపు విశ్రాంతి, పాటిస్తారు. మా గ్రూపులో మెసేజ్ చదివినప్పుడు నాకు వాళ్ళే గుర్తొచ్చారు. "మీ కోషర్ మా మడి లాంటిదే" అని ఆ ఊరెళ్ళి వాళ్ళతో అనగలమా?

గ్రూపులో మూడో మాట బొరెకాల గురించి, "వాళ్ళ సమోసాలే కదా" అని. ఇది చిన్న విషయం, అయినా చెప్పకుండా ఉండలేను. సమోసాకి చుట్టం కావాలంటే బొరెకా కాదు, సంబూసక్. బాగ్దాద్, అలెప్పో యూదులు చేస్తారు, చీజ్ పెట్టి. పర్షియా వైపు పుట్టిన వంట అటు వాళ్ళ ఇళ్ళకీ ఇటు ఢిల్లీకీ నడిచింది. తుగ్లక్ విందులో ఖీమా, బాదం, పిస్తా పెట్టినవి వడ్డించేవారని మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా రాశాడు. బాగ్దాద్ యూదులు వ్యాపారానికి కలకత్తా వచ్చి సంబూసక్‌ని వెంట తెచ్చుకున్నారు. న్యూ మార్కెట్‌లో 1902 నాటి నహూమ్ బేకరీ ఆ యూదులదే. బొరెకా దారి వేరు. టర్కిష్ బోరెక్, స్పానిష్ ఎంపనాడా కలిసి పుట్టిందంటారు. పులిహోరని ఎవరైనా "మీ ఫ్రైడ్ రైస్" అంటే మనకెలా ఉంటుంది?

సరే, విందు సంగతి. మొదట తేదీ. మన అలవాటు కొద్దీ శనివారం మధ్యాహ్నం అన్నారు. శబ్బాతు నాడు నియమం పాటించేవాళ్ళు కారెక్కరు. ఆదివారానికి మార్చండి. దసరా అనుకోకపోవడం మన అదృష్టం, 2025లో దసరా అక్టోబర్ 2న, సరిగ్గా ఆ రోజే వాళ్ళకి యోమ్ కిప్పూర్, కఠిన ఉపవాసం. తరవాత, మన క్యాటరింగ్ తిండి కోషర్ పాటించేవాళ్ళకి పనికిరాదని ముందే ఒప్పేసుకుందాం, బతిమాలి వడ్డించొద్దు. కోయని పళ్ళు, సీలు విప్పని ప్యాకెట్లు, కాగితం పళ్ళేలు విడిగా ఒక బల్ల మీద పెడితే చాలు. ప్యాకెట్ మీద గుండ్రంలో యూ అక్షరం చూడండి. ఓయూ అంటారు దాన్ని, మన ఉస్మానియా కాదు. పక్కన డీ ఉంటే పాల పదార్థం. మనలో శాకాహారులకి కూడా ఆ గుర్తు పనికొస్తుంది. డీ ఉన్నదాంట్లో మాంసం కలవదు, గుడ్డూ చేపా మాత్రం ఉండొచ్చు, కాబట్టి వెనకాల చిన్న అక్షరాలు చదవక తప్పదు. అందరూ ఒకేలా పాటించరు కూడా. ఎవరికేం కావాలో పిలిచేటప్పుడే అడిగేస్తే సరి.

నా డబ్బా మంగళవారం ఆఫీసుకొచ్చింది, ఖాళీగా. కజ్జికాయలన్నీ దారిలో కార్లోనే అయిపోయాయట. "మా అమ్మకి చెప్పకు" అన్నాడు కొలీగ్. ఆవిడ దగ్గర్నుంచి ఒక చీటీ కూడా తెచ్చాడు. ఈసారి డబ్బా వద్దు, చేతులు మాత్రం తెచ్చుకో, మూకుడు నాది, మీ పిండివంట నా పొయ్యి మీదే చేద్దాం అని. కొబ్బరి పొడికి ఓయూ గుర్తున్నది దొరికింది. బెల్లం కోసం ఇంకా వెతుకుతున్నాను, ఎవరికైనా కనబడితే చెప్పండి.