వంద దాకా చదివాడు, ఏడు చెంచాలు తేలేకపోయాడు
చిన్నపిల్లలకు ఆటలతో లెక్కలు నేర్పడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అలా మొదలుపెడితే అంకెలు రాయడం ఆలస్యమవుతుందని తల్లిదండ్రులు భయపడుతున్నట్టు అందులో రాశారు. ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు. మా మనవడు యూకేజీలో ఒకటి నుంచి వంద దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర "ఏడు చెంచాలు పట్రా నాన్నా" అంటే గుప్పెడు తెచ్చి పడేశాడు. నోటికి వచ్చిన వంద చేతికి రాలేదన్నమాట! ఆ వేసవిలో అటక మీద నుంచి వామనగుంటల పీట దించాను. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు చొప్పున చింతగింజలు. ఒక్కో గుంటలో ఒక్కో గింజే వేసుకుంటూ పోవాలి, తొందరపడి రెండు వేస్తే వాళ్లక్క ఊరుకోదు. వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టడం వాడికి అక్కడే పట్టుబడింది. ఇంకో తమాషా. ఆరు గింజలు దగ్గరగా, ఆరు గింజలు ఎడంగా రెండు వరుసల్లో పేర్చి "ఎందులో ఎక్కువున్నాయిరా?" అంటే ఎడంగా ఉన్న వరుసే చూపించాడు. ఈ వయసు పిల్లలు ఇలాగే పొరబడతారని పిల్లల ఆలోచనల మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త పియాజే ఎప్పుడో చెప్పాడు. దాన్ని పలక మీద రాసి సరిదిద్దలేం, గింజల్ని వాడి చేతే జరిపించాలి. వ్యాసంలో చెప్పిన ఖరీదైన కిట్ల సంగతి నాకు తెలియదు, మాకైతే పైసా ఖర్చు కాలేదు. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజలు అందనివ్వకండి, మా చిన్నది ఒకటి ముక్కులో దోపుకుని ఇంటిల్లిపాదినీ టెన్షన్ పెట్టింది.