మొదటి ప్రతిని దిద్దకండి, దాచండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నేను ఇంగ్లీషు చెప్పే బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు తిత్లీ తుపాను గురించి ఒక పేరా రాసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టం చేసిన తుపాను అది. ‘గాలి ఏడుస్తూ వచ్చింది’ అని ఇంగ్లీషులో చెప్పబోయింది. క్రియారూపం కుదరలేదు. ట్యాబ్‌లో తప్పులు దిద్దే యాప్ ఎర్రగీత గీసింది. ఆమె వేలితో తాకగానే అక్కడ ‘గాలి చాలా బలంగా వీచింది’ అనే వాక్యం వచ్చి కూర్చుంది. వ్యాకరణం సరిపోయింది కానీ, ఆ రాత్రి ఆ పిల్ల చెవిన పడిన ఏడుపు పోయింది.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచినప్పుడు నేనూ సంతోషించాను. అయితే వాటిలో వచ్చినవి ప్రధానంగా వీడియో పాఠాలు. రాయడం చూస్తే వచ్చే విద్య కాదు.

మన పిల్లల తప్పులు నిర్లక్ష్యం వల్ల వచ్చేవి కావు. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది, ఇంగ్లీషులో అది కర్త తర్వాత వెంటనే రావాలి. ‘వచ్చాను’ అంటే చాలు, వచ్చింది నేనేనని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ‘నేను’ అని విడిగా చెప్పి తీరాలి. ‘ఎ’, ‘ది’ లాంటి ఆర్టికల్స్ మనకు అసలు లేవు. యాప్ చెప్పకుండా ‘ది’ చేర్చేస్తే, అది ఎందుకు కావాలో పిల్లకు ఎప్పటికీ తెలియదు. మర్నాడు నోటుపుస్తకంలో అదే తప్పు మళ్లీ కనిపిస్తుంది.

అందుకే మొదటి రెండు ప్రతులకు దిద్దే సౌకర్యాన్ని ఆపేయిస్తున్నాను. గూగుల్ డాక్స్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది పాత ప్రతులను దాచే ఏర్పాటు. ఏ మాట కొట్టేసి ఏది పెట్టింది, ఎక్కడ ఆగిపోయింది, అన్నీ కనిపిస్తాయి. ఎర్రసిరాతో నిండిన నోటుపుస్తకం ఇది చూపించదు. పక్కన నేను రాసేది ఒకే ఒక్క ప్రశ్న: ‘ఆ ఏడుపు ఎలా వినిపించింది?’ నెట్ అందని రోజున కాగితం మీద రాయించి, ప్రతి ప్రతినీ ఫోనుతో ఫొటో తీసి ఉంచుతాను. పని అదే.

ముందు తెలుగులో చెప్పించడం కూడా ముఖ్యం. సవర గిరిజన పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని వాచకాలు తయారుచేసిన గిడుగు రామమూర్తి ఈ జిల్లాలో పుట్టినవారే. చదువు పిల్లల నోటిలోని భాషతో మొదలుకావాలని ఆయన పట్టుబట్టారు. మన తీరం నుంచి ఎందరో మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళతారు. అక్కడున్న నాన్నకు వాట్సాప్‌లో తెలుగులో చెప్పిన కబురును, తర్వాత ఇంగ్లీషులో రాయమంటే పిల్లలు వెతుక్కోకుండా రాస్తున్నారు. చెప్పవలసిన మాట వాళ్ల దగ్గర ముందే ఉంది కాబట్టి.

తుపాను పేరా మూడో ప్రతికి వచ్చింది. క్రియను అమ్మాయే సరిచేసుకుంది. గాలి మళ్లీ ఏడుస్తోంది. ఈసారి, తలుపు సందులోంచి.