కూర్చుని నడిచిన పెద్దమనిషి

నిరుడు కనుమ మర్నాడు నా పొట్ట మీద ఆడిట్ మొదలుపెట్టాను. ముప్ఫై నాలుగేళ్లు ఇతరుల ఖాతాల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్నవాణ్ణి (ఏ శాఖో చెప్పను, పెన్షన్ ఇంకా అక్కణ్ణుంచే వస్తోంది). అలాంటిది సొంత నడుము దగ్గర జరుగుతున్న అవకతవకల్ని చూసీ చూడనట్టు వదిలేయడం ధర్మం కాదనిపించింది. ఆ రోజు ఓపెనింగ్ బ్యాలెన్సు ఇదీ: వయసు 65, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 84 కిలోలు. మా ఆవిడ జాకెట్లు కొలిచే టేపుతో నడుము చుట్టుకొలత తీస్తే 41 అంగుళాలు. మన దేశపు మగవాళ్లకి డాక్టర్లు గీసిన గీత 90 సెంటీమీటర్లు, అంటే 35 అంగుళాలకి కాస్త పైన. మిగతా అయిదున్నర అంగుళాలకి వోచర్లు దొరకలేదు.

ముందుగా నడక పద్దు తెరిచాను.

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద తెల్లవారుజామున అయిదున్నరకి మా బ్యాచ్ కలుస్తుంది. రిటైరైన హెడ్మాస్టరు ఒకరు, బ్యాంకు మేనేజరు ఒకరు, ఒక కాంట్రాక్టరు, నేను. చురుగ్గా నడవడం అంటే ఏమిటో తేల్చడానికి డాక్టర్లు ఒక తేలిక కొలత చెబుతారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మా మాస్టారు గట్టు మీద పద్యం పాడతారు. రాగం తీసి, చివర ఆగి, మాకేసి చూసి, మళ్లీ మొదటి పాదం అందుకుంటారు. దీన్నిబట్టి మా వేగం పాఠకులే ఊహించుకోవచ్చు. కాంట్రాక్టరుగారు పోలవరం ప్రస్తావన తెచ్చిన రోజున అసలు నడకే ఉండదు, అందరం గట్టుకి ఆనుకుని నిలబడిపోతాం.

అయినా నడిచామనే అనుకుందాం. నాబోటి బరువున్నవాడు నిజంగా చురుగ్గా అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. ఒక పెద్ద చెంచాడు నూనెలో ఉండేది 120. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని గట్టు దిగగానే ఉన్న టిఫిన్ హోటల్లో కూర్చున్నాను. ఎమ్మెల్యే పెసరట్టు చెప్పాం. పెసరట్టు లోపల ఉప్మా కూర్చుంటే దాన్ని ఎమ్మెల్యే అంటారని మనందరికీ తెలుసు. ఒకసారి లోపలికి వెళ్లాక అంత తేలిగ్గా దిగదు కాబట్టి ఆ పేరు సరిపోయిందని నా అభిప్రాయం. పెనం దగ్గర ఉన్న కుర్రాడు, మూతకి చిల్లు పొడిచిన వాటర్ బాటిల్‌తో పెసరట్టు చుట్టూ నూనెని మూడు ప్రదక్షిణాలు చేయించాడు. చాలలేదనిపించిందేమో, మధ్యలో అభిషేకం కూడా చేశాడు. నేను నోటుపుస్తకం మూసేసి అల్లం పచ్చడి ఇంకొంచెం వెయ్యమన్నాను. రికార్డు కోసం చెబుతున్నా, ఆ పూట మేం నడిచింది అరగంట, కూర్చున్నది గంటం పావు.

ఇంటి లెక్క ఇంతకంటే క్లిష్టం. గత పదేళ్లలో మా వంటింట్లో నాలుగు ప్రభుత్వాలు మారాయి. మొదటి ప్రభుత్వం ఉప్పు, నూనె రద్దు చేసింది. రెండోది వచ్చి అన్నం మానేయండి, నూనె తాగండి అంది. మూడోది కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు తెచ్చింది. నాలుగోది పదహారు గంటలు నోరు కట్టుకోమని, మిగతా ఎనిమిది గంటల మీద ఏ ఆంక్షా పెట్టలేదు. దేశంలో మరెక్కడా లేని రాజకీయ మర్యాద ఏమిటంటే, ప్రతి ప్రభుత్వమూ పాత ప్రభుత్వం పథకాల్ని కొనసాగించింది. అందుకే ఇవాళ పొద్దున్న లేవగానే మెంతుల నీళ్లు, తర్వాత రాగిజావ, ఆపైన నానబెట్టిన బాదం గింజలు. ఇవన్నీ ఆరోగ్యం కిందికి వస్తాయి కాబట్టి తిండి లెక్కలో రావు. ఆ తర్వాత టిఫిన్.

కొర్రల మీద నాకు గౌరవం ఉంది. పీచు ఎక్కువ, నిదానంగా అరుగుతాయి. ఐక్యరాజ్యసమితి వాళ్లు 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించారు కూడా. కానీ వంద గ్రాముల కొర్రల్లోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ కేలరీలు ఇంచుమించు ఒక్కటే. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. బియ్యం బదులు తినాల్సిన వాటిని బియ్యంతో పాటు తింటే ఏమవుతుందో చెప్పడానికి ఆడిటరు అక్కర్లేదు. పైగా మా ఆవిడ కొర్రల పరమాన్నం కనిపెట్టింది. ఆరోగ్యకరం కదా అని రెండుసార్లు వడ్డించుకున్నాను.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు పదిహేడు. ప్రింటు తీయించి, పంచ్ కొట్టి, ఫైల్లో ట్యాగు వేసి పెట్టాను. రోజుకి ఉప్పు 5 గ్రాములు మించకూడదని మా ఆవిడకి చదివి వినిపించాను.

"ఆవకాయలో ఉప్పు లెక్కలోకి రాదండీ" అంది.

"ఎందుకు రాదూ?"

"అది పోయినేడాది వేసిన ఉప్పు."

పాత ఆర్థిక సంవత్సరపు ఖర్చుని ఈ ఏడాది పద్దులో చూపించకూడదన్న సూత్రం నేను నేర్పిందే. నోరు మెదపలేదు.

అసలు మా ఇంట్లో కొలమానమే వేరు. గ్రాములు, కిలోలు కాదు, 'కాస్త'. కాస్త నెయ్యి, కాస్త ముద్దపప్పు, మిగిలిపోతుందండీ కాస్త చారు. ఈ కాస్తకి నిర్వచనం ఎక్కడా లేదు. పెళ్లై ముప్ఫయ్యారేళ్లయినా ఒక కాస్తకి ఇంకో కాస్తకి పొంతన కనిపించలేదు. వేసవి సెలవలకి మనవడు వచ్చాడంటే వాడి కంచంలో వదిలేసిందంతా 'అన్నం పారేస్తే పాపం' అనే పద్దు కింద నా ఖాతాకి జమ అవుతుంది. శనివారం రాత్రి అన్నం తినం, పలహారమే. ఆ పలహారం పేరు ఒక శనివారం చపాతీ, ఒక శనివారం దిబ్బరొట్టె. దిబ్బరొట్టె తిన్న రాత్రి ఉపవాసం ఉన్నానని దేవుడికి చెప్పుకోవడానికి మొహమాటమేసి పక్కకి తిరిగి పడుకుంటాను.

ఈ పరిస్థితుల్లో చికాగోలో ఉన్న మా అమ్మాయి ఒక చేతి గడియారం పంపింది. అది అడుగులు లెక్కపెడుతుంది. ఆ లెక్క అమ్మాయి ఫోనులోకి వెళ్తుంది. రోజుకి పదివేలు వెయ్యాలని ఆర్డరు. ఈ పదివేలకి ఆధారం ఏ జీవో అని వెతికాను. తీరా చూస్తే పరిశోధనల్లో తేలిన అంకె కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు కొలిచే మీటరు అమ్ముతూ దానికి 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. అంటే అరవయ్యేళ్లుగా ప్రపంచం ఒక సరుకు పేరు వెంట నడుస్తోంది. తర్వాత జరిగిన పరిశోధనల్లో, 60 దాటినవాళ్లకి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే లాభం చాలావరకు అందుతోందని తేలింది. ఇదంతా అమ్మాయికి వాట్సాప్‌లో వివరంగా రాశాను. "సరే నాన్నా, ఎనిమిది వేలు" అని జవాబొచ్చింది. నావి పద్యాలతో సహా 3,100.

ఇక్కణ్ణుంచి రాసేది నా సర్వీసు రికార్డుకి మచ్చ. స్నానానికి వెళ్తూ గడియారం తీసి టేబుల్ మీద పెట్టాను. బాగుందే అని మా ఆవిడ పెట్టుకుని, తీయడం మర్చిపోయింది. సాయంత్రం చూస్తే 9,400. ఆవిడ గుమ్మం దాటలేదు. వంటిల్లు, పెరడు, దేవుడి గది, బట్టలారేయడానికి డాబా, పాలవాడికి గేటు, నాకు కాఫీ, మళ్లీ నాకు కాఫీ. అంతే. అమ్మాయి దగ్గర్నుంచి "నాన్నా సూపర్!" అని మెసేజ్, పక్కనే మూడు చప్పట్ల బొమ్మలు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరూ నాకు చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. మర్నాడు గడియారం నేనే మా ఆవిడ చేతికి పెట్టాను.

దొంగ వోచర్ల మీద ఎందరికో మెమోలు ఇచ్చిన చేత్తోనే మూడు వారాలు ఆ చప్పట్లు అందుకున్నాను. ఒక ఆదివారం రాత్రి వీడియో కాల్లో అమ్మాయి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, పక్కకి చూసి, మళ్లీ నాకేసి చూసింది. నేను పడక్కుర్చీలో ఉన్నాను. వెనక వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

"నాన్నా, మీరు కూర్చుని నడుస్తున్నారు" అంది.

కూర్చున్న చోటి నుంచి కదలకుండా ప్రయాణం చేయడం ప్రభుత్వ సర్వీసులో కొత్తేమీ కాదని, దాన్ని టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు అంటారని దానికి చెప్పలేదు. తల్లి చేతిలో పెరిగిన పిల్ల, అర్థం చేసుకోదు.

ఆ తర్వాత మోకాళ్లు పట్టేస్తున్నాయని ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. పాతికేళ్ల అమ్మాయి. నా పొట్టకేసి చూడనే లేదు. చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ కూర్చోమంది. ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లయితే అన్ని. నా వయసు మగవాడు కనీసం పన్నెండు సార్లు లేవాలట. ఆరుసార్లు లేచాను. ఏడోసారి దారిలో ఉండగా టైమైపోయింది. సగం పైకి వచ్చారు కాబట్టి ఏడు వేసుకుందాం అంది. గ్రేసు మార్కు.

ఇందులో నా తప్పేముంది? కుర్చీలో కూర్చోవడానికే ప్రభుత్వం నాకు జీతమిచ్చింది. నేను దిగిన రెండేళ్లకి రిటైర్మెంటు వయసు 62కి పెంచి, ఆ రెండేళ్ల కుర్చీ కూడా దక్కకుండా చేసిందన్న బాధ ఒకపక్క ఉండనే ఉంది. ఇప్పుడు చేతులు ఆనించకుండా లేవమంటే ఎలా?

ఆ అమ్మాయి చెప్పినదాన్ని నా భాషలోకి మార్చుకున్నాను. వయసుతో కండ ఎలాగూ కరుగుతుంది, 60 దాటాక ఇంకా జోరుగా. ఈ వయసులో కడుపు మాడ్చుకుని బరువు తగ్గితే, తగ్గిన దాంట్లో పావు వంతు దాకా కండే పోవచ్చు. అంటే ఖర్చు తగ్గించమంటే ఆఫీసులో పనిచేసే అటెండర్లని తీసేసి, సూపరింటెండెంట్లని ఉంచుకున్నట్టు. తూకం దిగుతుంది, మెట్లెక్కేవాడు ఉండడు. అందుకని నడక ఒక్కటీ చాలదు, వారానికి రెండు రోజులైనా కండలకి పని చెప్పాలి, ఒంటికాలి మీద నిలబడడం సాధన చెయ్యాలి (గోడ పట్టుకుని), కిలో బరువుకి రోజుకో గ్రాము చొప్పున ప్రోటీన్ తినాలి. పప్పు గట్టిగా, పెరుగు, శనగలు, గుడ్లు. గుడ్ల విషయం మా ఆవిడతో ఇంకా చర్చల దశలో ఉంది. పెసరట్టు సంగతి భయపడుతూ అడిగాను. తప్పు పెసలది కాదట. లోపల కూర్చున్నవాడిదీ, చుట్టూ ప్రదక్షిణం చేసినవాడిదీనట.

ఇంటికొచ్చి అదే పరీక్ష మా ఆవిడకి పెట్టాను. అరవయ్యొకటేళ్ల మనిషి, పదమూడుసార్లు లేచి, "ఇంకా లేవాలా?" అంది. ఆవిడ ఎప్పుడూ కుర్చీలో సరిగ్గా కూర్చోలేదు.

ప్రస్తుతం బరువు 81, నడుము ముప్ఫై తొమ్మిదిన్నర. గడియారం నా చేతికే ఉంది. రెండోది మా ఆవిడ పేరు మీద చికాగో నుంచి బయల్దేరింది. ఎమ్మెల్యే పెసరట్టు మానేసి ఇంట్లోనే ఉత్త పెసరట్టు వేయించుకుంటున్నాను. రోజూ టిఫిన్‌కి ముందు హాల్లో కుర్చీ వేసుకుని, గోడ గడియారం చూస్తూ లేస్తున్నాను, కూర్చుంటున్నాను. నిన్న పదకొండు వరకూ వెళ్లాను. పదకొండో దానికి ఆయాసమొచ్చి కూలబడ్డాను. టైమైపోయింది.

"పెసరట్టు చల్లారిపోతోంది, లేస్తారా లేదా?" అని వంటింట్లోంచి కేక.

చేతులు ఆనించకుండానే లేచాను. గడువు దాటాక లేచింది కాబట్టి దాన్ని ప్రస్తుతానికి, ఏ పద్దు కిందకి వస్తుందో తేలనివి ఉంచే సస్పెన్స్ ఖాతాలో ఉంచాను.