నొప్పి పోయినంత మాత్రాన గౌట్ పోయినట్టు కాదు

రక్తంలో యూరిక్ ఆసిడ్ ఎక్కువై, దాని స్ఫటికాలు కీళ్లలో చేరి వాపు, నొప్పి తెచ్చే జబ్బు గౌట్. దాని మీద వచ్చిన ఒక వ్యాసంలో ‘నొప్పి తగ్గాక ఆరు నెలలకోసారి యూరిక్ ఆసిడ్ పరీక్ష చాలు’ అని రాశారు. మందు మొదలెట్టిన కొత్తలో అది చాలదండి. యూరిక్ ఆసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్‌ని 100 మి.గ్రా.తో (కిడ్నీ దెబ్బతింటే 50తో) మొదలుపెట్టి, నెలకోసారి యూరిక్ ఆసిడ్ చూస్తూ 6 మి.గ్రా./డె.లీ. లోపుకి దిగేదాకా డాక్టరు డోసు పెంచుకుంటూ పోవాలి. వాపు ఉన్నప్పుడు చేసిన పరీక్షలో అంకె మామూలుగానే రావచ్చు; తగ్గిన రెండు వారాలకి మళ్లీ చేయించాలి. మొదటి నెలల్లో నొప్పి తిరగబెడితే ‘మందు పడలేదు’ అని మానేస్తారు. నిజానికి పాత స్ఫటికాలు కరుగుతున్నప్పుడే అలా అవుతుంది, అందుకే 3–6 నెలలు వాపు రాకుండా చూసే కోల్చిసిన్‌ని తక్కువ డోసులో తోడుగా ఇస్తారు. దద్దుర్లొస్తే మాత్రం వెంటనే ఆపి చూపించుకోవాలి.

కవిటి, సోంపేట, పలాస వైపు వాళ్లయితే ప్రతిసారీ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) కూడా చేయించండి. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువని తెలిసిందే కదా, కిడ్నీలకి చేటు చేసే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మందులషాపులో అడిగి మింగొద్దు.