మహారాజశ్రీ ఆన్‌లైన్ వైన్ టేస్టింగ్ గారికి

మహారాజశ్రీ ఆన్‌లైన్ వైన్ టేస్టింగ్ గారి దివ్యసముఖమునకు, న్యూజెర్సీ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు, వెలిగిపోతున్నారు. 2020కి ముందు ఎవరికీ పెద్దగా పట్టని మీరు, కోవిడ్ వచ్చి కాలిఫోర్నియాలో వైన్‌కు పేరుపడ్డ నాపా లోయలో టేస్టింగ్ గదులకు తాళాలు పడేసరికి ఒక్కసారిగా పుంజుకున్నారు. వైన్‌ని బుల్లి సీసాల్లోకి దించి, పక్కన నాలుగు చీజ్ ముక్కలు సర్ది, వైన్ రుచులు వివరించే నిపుణుడు సొమెలియే గారిని జూమ్‌లో కూర్చోబెట్టి కొంపలకే వచ్చేశారు. ఆపద్ధర్మం కదా అని సరిపెట్టుకున్నాం. తర్వాత కోవిడ్ పోయింది, మాస్కులు పోయాయి, శానిటైజర్ సీసాలు కారు డిక్కీల్లో ఎండిపోయాయి. మీరు మాత్రం టీమ్ బిల్డింగ్ అని పేరు మార్చుకుని మా ఆఫీసు క్యాలెండర్లో కాపురం పెట్టేశారు.

ముందు మీ రాక గురించి చెప్పాలి. మీరు దిగింది కార్తీక సోమవారం నాడు. నేను మేడమీద మీటింగులో ఉన్నాను. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ కింద ఉపవాసంలో ఉంది. పౌర్ణమికి 365 వత్తుల కట్ట ఆన్‌లైన్లో తెప్పిస్తానని చెప్పి ఉన్నాను కాబట్టి, బెల్లు మోగగానే ఆవిడే వెళ్ళి తలుపు తీసింది. మీ పెట్టెను గుమ్మంలో పడేసి పోవడానికి లేదు, 21 ఏళ్ళు నిండిన మనిషి సంతకం కావాలి. డెలివరీ అబ్బాయి ఐడీ అడిగాడు. అమ్మ లోపలికెళ్ళి సూట్‌కేసు తెరిచి, చీరల మధ్యనుంచి పాస్‌పోర్ట్ తీసుకొచ్చింది. అతను పుట్టిన తేదీ చూశాడు, ఆవిడ నెరిసిన జుట్టు చూశాడు, మళ్ళీ తేదీ చూశాడు. మొత్తానికి 21 దాటిందని నమ్మకం కుదిరింది కాబోలు, ఫోను చాపి వేలితో సంతకం చెయ్యమన్నాడు. దగ్గు మందైనా వాసన చూసి పక్కన పెట్టేసే మనిషి, నాలుగు రకాల మద్యం ముట్టినట్టు గుండ్రటి తెలుగులో సంతకం చేసింది. నేను దిగి వచ్చేసరికి మీరు దేవుడి షెల్ఫు ముందు, తమలపాకుల పక్కన, కుంకుమ బొట్టు పెట్టించుకుని కూర్చున్నారు. "వత్తులొచ్చాయే. బరువుగా ఉన్నాయి, నేతిలో తడిపి పంపినట్టున్నారు" అంది.

ఆ సంతకం వెనక పెద్ద కథే ఉంది లెండి. ఇక్కడ మద్యం చట్టం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. "మా రాష్ట్రంలో వైన్ తయారుచేసే వైనరీలైతే ఇళ్ళకు పంపుకోవచ్చు, బయటివాళ్ళు కూడదు" అని న్యూయార్క్, మిషిగన్ భీష్మించుకు కూర్చుంటే, అలా తేడా చూపడం చెల్లదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. అదీ 5-4 మెజారిటీతో. ఒక్క జడ్జి గారు అటు మొగ్గి ఉంటే మీకు ఇన్ని గుమ్మాలు దొరికేవి కావు. యూటా మాత్రం ఇప్పటికీ ససేమిరా అంటుంది. మా టీములో ఒకాయన సాల్ట్‌లేక్ సిటీలో ఉంటాడు. ఆయనకు మీరు చీజూ బిస్కెట్లూ పంపి ఊరుకున్నారు. పాపం ఖాళీ గ్లాసు తిప్పుతూ సభకు హాజరయ్యాడు.

హైదరాబాద్ వాళ్ళది ఇంకో అవస్థ. కాలిఫోర్నియాలో మీకు సాయంత్రం 4 అయితే మాకు రాత్రి 7, వాళ్ళకు మర్నాడు తెల్లవారుజామున 5:30. పైగా విదేశీ వైన్ మీద ఇండియా ఏళ్ళ తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం వేస్తూ వచ్చింది. మా ఫైనాన్స్ వాళ్ళు ఆ అంకె చూసి కళ్ళు తేలేసి, "మీకిష్టమైన పానీయంతో పాల్గొనండి" అని వాళ్ళకొక మెయిల్ కొట్టారు. గచ్చిబౌలిలో ఆ వేళప్పుడు ఎవరికైనా ఇష్టమైన పానీయం ఏముంటుంది, టీ తప్ప?

ఇక సభ. తెరమీద ఇరవై కిటికీలు, అన్నీ మ్యూట్. సొమెలియే గారు గ్లాసును కాడ దగ్గర పట్టుకోమన్నారు, గిరగిరా తిప్పమన్నారు. మా మేనేజరు గారు ఆ తిప్పుడులో కీబోర్డుకు అభిషేకం చేసేశారు. గ్లాసు గోడల మీద చారలు జారుతున్నాయి చూడండి అంటే అందరం కళ్ళు పెద్దవి చేశాం. ఆ చారలకూ వైన్ గొప్పతనానికీ ఏ సంబంధమూ లేదు. అంచు దగ్గర ఆల్కహాల్ ముందుగా ఆవిరైపోతుంది, మిగిలిన పల్చటి పొరలో తలతన్యత పెరిగి కింది ద్రవాన్ని పైకి లాగుతుంది, అది బరువెక్కి జారుతుంది. జేమ్స్ థామ్సన్ అనే ఆయన 1855లోనే చెప్పేశాడు. మీరు మాత్రం దాన్ని రహస్యం విప్పుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పించారు.

తర్వాత షిరాజ్ అనే ఎర్ర వైన్. "నల్ల మిరియాల వాసన వస్తోందా?" అని అడిగారు. ఇది బుకాయింపు కాదని ఒప్పుకుంటాను. మిరియాలకు ఆ వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్షలోనూ ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించారు. మన చారులో ఉన్నదీ మీ గ్లాసులో ఉన్నదీ ఒకటే సరుకు. నాకు వాసన వచ్చింది కూడా. అయితే ఆ పరిశోధకులే ఇంకో ముక్క కూడా చెప్పారు. దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదట, మోతాదు బాగా పెంచినా వాళ్ళ ముక్కుకు ఏమీ అందదట. ఆ లెక్కన మా ఇరవై కిటికీల్లో నలుగురైనా "నాకేం రావట్లేదండీ" అనాలి. ఇరవై తలలూ ఊగాయి. అందరికంటే నిండుగా ఊగింది యూటా ఆయన తల.

మీ పాఠశాలలో చెప్పే అసలు పాఠం అదే, మ్యూట్‌లో ఉండి తలూపడం. అది మాకు కొత్తగా నేర్పాలా? ప్రతి సోమవారం స్టేటస్ మీటింగులో చేసేది అదేగా!

అంతలో సొమెలియే గారు హైదరాబాద్ కిటికీ ఒకటి ఎంచుకుని, "మీకు ఇంకేం తెలుస్తోంది?" అన్నారు. నిద్రమత్తులో ఉన్న కుర్రాడు. మ్యూట్ తీసి, ఉన్నమాట చెప్పాడు. "అల్లం. కొంచెం ఏలకులు." సొమెలియే గారు కళ్ళు మూసుకున్నారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని గాఢంగా పీల్చారు. "అద్భుతం! షిరాజ్‌లో అల్లం పట్టుకోవడం అందరికీ చేతకాదు" అన్నారు. చాట్‌లో టపటపా మెసేజీలు పడ్డాయి, నాక్కూడా తెలుస్తోంది, నాక్కూడా, గొంతు దిగాక తెలుస్తోంది అని. ఆ కుర్రాడు కప్పు కెమెరాకు కనపడకుండా మెల్లగా పక్కకు జరిపాడు.

కెమెరా వెనక కూర్చుని ఇదంతా చూస్తున్న అమ్మ ఒకటే అడిగింది. "చెర్రీ అంటాడు, పొగాకంటాడు, తోలంటాడు, తడిసిన రాయంటాడు. ద్రాక్షపళ్ళతో చేసినదాంట్లో ద్రాక్షపళ్ళ వాసన ఒక్కరికీ రాలేదేమే?" ఇది మీకు పంపే మొదటి ప్రశ్నగా భావించగలరు.

మిమ్మల్ని ఒక్కళ్ళనే అనడం ధర్మం కాదనుకోండి, పెద్ద పెద్దవాళ్ళదే ఇక్కడ పరువు పోయింది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువుకునే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కు వాడే మాటలన్నీ దానికి తగిలించారు. 2001లో అచ్చయిన సంగతి. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు దాచి పోటీ పెడితే, తొమ్మిదిమంది ఫ్రెంచ్ జడ్జీలు కలిసి తెలుపులోనూ ఎరుపులోనూ కాలిఫోర్నియాకే మొదటి స్థానం కట్టబెట్టారు. ఒకాయనైతే నాపా వైన్ గుటక వేసి, హమ్మయ్య, మళ్ళీ ఫ్రాన్స్‌కు వచ్చాం అని మురిసిపోయాడట. ఫలితం తెలిశాక ఒక జడ్జి గారు నా మార్కుల కాగితం నాకిచ్చెయ్యండన్నారు. ఇక కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ సంగతి. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే రిటైర్డ్ ప్రొఫెసర్, స్వయానా వైనరీ యజమాని, జడ్జీలకు చెప్పకుండా ఒకే సీసాలో వైన్‌ని మూడు గ్లాసుల్లో పోయించాడు. మూడింటికీ ఒకే స్థాయి మార్కులు వేసినవాళ్ళు పదిమందిలో ఒకరు.

వైన్‌ను వర్ణించే మాటల గందరగోళం పడలేకే కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ గారు 1984లో వాసనల చక్రం ఒకటి గీశారు. సొగసైనది, గంభీరమైనది లాంటి గాలి మాటలు మానేసి, ఎవరైనా ముక్కుతో సరిచూసుకోగల వాసనల పేర్లే వాడండని ఆవిడ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఆ చక్రాన్ని మీరు రంగుల్లో అచ్చేసి పెట్టెలో పంపారు. మేం దాన్ని చూసి చదివి, ఆ వాసనలే వస్తున్నాయని చెప్పాం. కాపీ కొట్టడానికి చిట్టీ మాస్టారే ఇస్తే పరీక్ష తప్పేవాడెవడు?

ఇప్పుడు తిండి దగ్గరికి వద్దాం. నాకు నిజంగా మండింది ఇక్కడే.

జోడీల పట్టిక అని ఒక కాగితం పంపారు. చీజ్‌కు ఒక పేజీ. మేక చీజ్‌కు ఒకటి, నీలం చీజ్‌కు ఒకటి, ఆరు నెలలు మాగినదానికి ఒకటి, పన్నెండు నెలలు మాగినదానికి వేరొకటి. అన్నిటికంటే కింద, కాగితం అయిపోబోతుండగా, ఒక్క గీత: "కారంగా ఉండే భారతీయ ఆహారం – రీస్లింగ్." అంతే. శ్రీనగర్ నుంచి శ్రీకాకుళం దాకా ఒక్క తెల్ల వైన్ సీసా. పుంటికూర, పులుసు, పెసరట్టు, నాటుకోడి అన్నీ ఒకటే మీకు.

మీ కాగితం అబద్ధమని అనను. చీజ్ జోడీ సబబే. కాబర్నే అనే ఎర్ర వైన్ గుటక వేస్తే పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టే ఉంటుంది. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్ మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుని నోరు ఎండగడుతుంది. చీజ్‌లోని కొవ్వు, ప్రోటీన్ ఆ వగరును కాస్త తగ్గిస్తాయి. మా ఆయన మాత్రం చీజ్ పక్కకు నెట్టి, ఆవకాయ ముక్క నంజుకుని అదే కాబర్నే గుటక వేశాడు. మిరపకారం నాలుక మీద ఏ మంట గంటను మోగిస్తుందో ఆల్కహాల్ కూడా సరిగ్గా దాన్నే మోగిస్తుంది. అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. లేచి వెళ్ళి పెరుగు గిన్నె ఎత్తి పట్టాడు. మీ పట్టికలో పెరుగు లేదు.

రీస్లింగ్ విషయంలో మీ మాట నెగ్గింది. కాస్త తీపి, కాస్త పులుపు, ఆల్కహాల్ తక్కువ. మర్నాడు మిరపకాయ బజ్జీలతో తాగి చూస్తే బాగానే కుదిరింది. తీపి మంటను అణిచింది, పులుపు నూనె జిడ్డును కోసేసింది. సరే, మార్కులు వేశాను. మరి గోంగూర? తిండికంటే వైన్ పుల్లగా ఉండాలి, లేకపోతే వైన్ చప్పబడిపోతుందని మీ సొమెలియే గారే అన్నారు. గోంగూర పచ్చడి ముందు మీ రీస్లింగ్ పంచదార నీళ్ళలా చతికిలబడింది.

"వెజిటేరియన్ కిట్" గురించి కూడా ఒక మాట. మా టీములో ఒంగోలు అమ్మాయి శాకాహారి. మాంసపు సలామీ తీసేసి, బదులుగా పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్ ముక్క పెట్టారు. ఆ పేరుతో అమ్మాలంటే పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్టే వాడాలన్నది ఇటలీ వాళ్ళ నియమం. ఆ పిల్ల సగం ముక్క తిన్నాక ఫోన్లో చూసుకుంది. వైన్ సంగతి ఇంకా తమాషా. మన పల్లెల్లో చిల్లగింజ అరగదీసి బురదనీళ్ళు తేర్చినట్టు, వైన్‌ని కొందరు కోడిగుడ్డు తెల్లసొనతోనో, చేప తిత్తిలోంచి తీసిన పదార్థంతోనో తేరుస్తారు. కొందరు బెంటొనైట్ మట్టితో కానిచ్చేస్తారు, వాళ్ళకు దండం. ఏది వాడారో లేబుల్ మీద రాయాలన్న నిర్బంధం అమెరికాలో లేదు. మీ పెట్టె మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ మాత్రం ఉంది.

కావున నా విన్నపాలు చిత్తగించగలరు. సీసాలు ఎప్పుడూ నాలుగే పంపుతారు కాబట్టి, అందులో రెంటిలో ఒకే వైన్ పోసి, చెప్పకుండా పంపండి. మా మేనేజరు గారు దేన్ని మెచ్చుకుంటారో చూడాలని ఉంది. మిరియాల వాసన రానివాళ్ళు చెయ్యెత్తడానికి ఒక బొత్తాం పెట్టండి. హైదరాబాద్ వాళ్ళను తెల్లవారుజామున లేపితే లేపారు గానీ, వాళ్ళ వాటా డబ్బులు వాళ్ళకు టిఫిన్‌కి ఇప్పించండి. ఆ అడుగున ఉన్న ఒక్క గీతను కనీసం ఒక పేరా చెయ్యండి. గోంగూరకంటే పుల్లటి వైన్ ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటే, దాని పేరు తిరుగు టపాలో తెలియజేయండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
పై వరసలో మూడో కిటికీ

తా.క.: మీ ఫీడ్‌బ్యాక్ ఫారంలో "ఈ సాయంత్రం మీరు కొత్తగా గుర్తుపట్టిన రుచి ఏది?" అన్న ప్రశ్నకు మా టీములో ఎక్కువమంది అల్లం అని రాశారట. వచ్చే నెల పంపే షిరాజ్ లేబుల్ మీద ఆ మాట అచ్చు వేయిస్తున్నారని హెచ్.ఆర్. వాళ్ళు సంతోషంగా మెయిల్ పెట్టారు.