ఉత్తరాలు మోసిన దళానికీ చరిత్ర ఉంది

విమానవాహక నౌకల చరిత్ర చెప్పేటప్పుడు ఫైటర్ పైలట్ల సాహసాలను పేజీలకొద్దీ రాస్తారు. ఆ నౌకలకు ఉత్తరాలనూ, మందులనూ, ఇంజిన్ విడిభాగాలనూ చేరవేసినవారి గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆ పని చేసిన అమెరికా నౌకాదళపు వీఆర్‌సీ-50 అనే రవాణా విమాన దళానికి (స్క్వాడ్రన్‌కు) ఈ అన్యాయం ఎక్కువగా జరిగిందని నా అభిప్రాయం.

1966లో జపాన్‌లోని అట్సుగిలో ఏర్పడిన ఈ దళం ఆ తరువాత ఫిలిప్పీన్స్‌లోని క్యూబీ పాయింట్‌ను స్థావరం చేసుకుంది. వియత్నాం యుద్ధకాలంలో టోంకిన్ సింధుశాఖలోని నౌకలకు అక్కడి నుంచి రాకపోకలు సాగించింది. ఈ దళం ఏర్పడకముందే 1963లో, ఇలాంటి రవాణాకు పనికొస్తుందేమో చూడటానికి అమెరికా నౌకాదళం నాలుగు ఇంజిన్ల హెర్క్యులిస్ విమానాన్ని ఫారెస్టల్ అనే విమానవాహక నౌకపై, డెక్‌పై అడ్డంగా ఉండే తీగను పట్టుకుని విమానాన్ని ఆపే తోక కొక్కెం సాయం కూడా లేకుండా, 21 సార్లు దింపి ఆపింది. పైలట్ల నైపుణ్యానికి అది గొప్ప నిదర్శనమే అయినా, అంత పెద్ద విమానంతో రోజువారీ రవాణా సాధ్యం కాదని తేలడంతో ఆ పని చిన్నదైన సీ-2ఏ గ్రేహౌండ్‌కు దక్కింది.

గ్రేహౌండ్ దాదాపు నాలుగున్నర టన్నుల బరువు మోయగలదు. కిటికీలు లేవనే చెప్పదగిన ఆ క్యాబిన్‌లో ప్రయాణికులు హెల్మెట్, లైఫ్ జాకెట్ ధరించి, తోకవైపు ముఖం పెట్టి కూర్చుంటారు. నౌక ఎంత దగ్గరికి వచ్చిందో వారికి కనిపించదు. సిబ్బంది చేతులు ఊపి హెచ్చరించిన కొద్దిసేపటికే కొక్కెం తీగను అందుకుంటుంది, రెండు మూడు సెకన్లలో విమానం ఆగిపోతుంది, వీపు సీటుకు బలంగా అదుముకుపోతుంది. తిరుగు ప్రయాణంలో అదే విమానం రోగులనూ, ఇంటి నుంచి దుర్వార్త అంది సెలవుపై బయలుదేరినవారినీ తీసుకువస్తుంది.

ఇది ప్రమాదం లేని పని అనుకోవడం పొరపాటు. 1969 అక్టోబరు 2న క్యూబీ పాయింట్ నుంచి కిట్టీహాక్ నౌకకు వెళుతున్న ఈ దళపు గ్రేహౌండ్ సముద్రంలో కూలి, అందులో ఉన్నవారందరూ మరణించారు. 1991లో పినటూబో అగ్నిపర్వతం బద్దలై స్థావరాన్ని బూడిదతో ముంచెత్తింది. మరుసటి ఏడాది అమెరికా ఆ స్థావరాన్ని ఖాళీ చేయగా గువామ్‌కు తరలిన దళాన్ని 1994లో రద్దు చేశారు.

క్యూబీ పాయింట్ ఆఫీసర్స్ క్లబ్ గోడలపై ఉన్న స్క్వాడ్రన్ల ఫలకాలను అమెరికాలోని పెన్సకోలాలో ఉన్న నౌకాదళ వైమానిక మ్యూజియానికి తెచ్చి భద్రపరిచారు. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన టీయూ-142 నౌకాదళ విమానం లోపలికి వెళ్లి చూసిన మన పాఠకులకు ఇటువంటి ప్రదర్శనల విలువ తెలుసు. ఇప్పుడు గ్రేహౌండ్ స్థానంలోకి ఆస్ప్రే అనే కొత్తరకం విమానం వస్తోంది కనుక పాత విమానాలు కొన్ని మ్యూజియాలకు చేరడం ఖాయం. కానీ ఏ ఉత్తరాల సంచి ముందు వెళ్లాలో ఎవరు నిర్ణయించేవారు, ఆ అక్టోబరు ప్రమాదం తరువాత మళ్లీ అదే దారిలో ఏ ధైర్యంతో ఎగిరారు, స్థావరంలో పనిచేసిన ఫిలిప్పీన్స్ కార్మికులు ఏమయ్యారు అన్నవి మ్యూజియంలోని ఏ విమానమూ చెప్పజాలదు. వియత్నాం నాటి సిబ్బంది ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటినవారు.

అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నిర్వహించే, మాజీ సైనికుల జ్ఞాపకాలను భద్రపరిచే వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు స్వచ్ఛంద సేవకులు రికార్డు చేసిన ఇంటర్వ్యూలను స్వీకరిస్తుంది. అమెరికాలోని నౌకాదళ నగరాలైన నార్‌ఫోక్, శాన్ డియేగోలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు బడిలో చూపించే సమాజసేవా గంటల కోసం ఏవేవో పనులు వెతుక్కునే బదులు, పొరుగున ఉన్న ఆ వృద్ధ సైనికుల దగ్గర కూర్చుని ఈ ప్రశ్నలు అడిగేలా మన తెలుగు సంఘం ఈ వేసవిలోనే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.